ముందు ఆ జాలీలోంచి పాత చీర తీసేయండి

ప్రశ్న: మేము ఇంగ్లండులోని కోవెంట్రీలో ఉంటున్నాము. 1930లలో కట్టిన మూడు పడకగదుల ఇల్లు నిరుడు కొన్నాము. ముందు గదిలో గ్యాస్ ఫైర్ (గ్యాస్‌తో మండే చలిమంట పొయ్యి) వెనుక, గోడలోనే పాత బాయిలర్ ఉంది. దీన్ని బ్యాక్ బాయిలర్ అంటారట. మేడ మీద అల్మారాలో రాగి వేణ్ణీళ్ల ట్యాంకు, అటక మీద చన్నీళ్ల తొట్టి ఉన్నాయి. జనవరిలో గ్యాస్ బిల్లు 240 పౌండ్లు వచ్చింది. నెలకు 80 ఉండే కరెంటు బిల్లు కూడా 150కి పెరిగింది. బిల్లులో గ్యాస్ యూనిట్ ఆరున్నర పెన్నీలు, కరెంటు యూనిట్ 26 పెన్నీలు అని ఉంది. తెనాలి నుంచి మా అత్తగారు, మామగారు ఆరు నెలల కోసం వచ్చారు. అత్తగారు మోకాళ్ల నొప్పుల వల్ల మెట్లెక్కలేక ముందు గదిలోనే పడుకుంటున్నారు. ఆ గది గోడలోని జాలీ నుంచి చలిగాలి వస్తుంటే పాత చీర మడిచి కుక్కాము. గది వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ 23 డిగ్రీల దగ్గర ఉంది. బాయిలర్ వేడిని 50 డిగ్రీలకు తగ్గించమని ఒకరు, రోజంతా సన్నగా వెలిగిస్తే ఆదా అవుతుందని మరొకరు చెప్పారు. 3,500 పౌండ్లు పెట్టి కొత్తది వేయించుకోవడమే దారి అని చూడవచ్చిన మనిషి అన్నాడు. మేము ఏం చేయాలి?

సమాధానం: అమ్మా, ఖర్చు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఈ జవాబు చదువుతున్న చోటి నుంచే లేచి వెళ్లి, జాలీలో కుక్కిన చీరను లాగేయండి. బాయిలర్‌ను ఆపేయండి. గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో (గ్యాస్ పనికి అర్హులైనవారి అధికారిక జాబితాలో) నమోదైన మెకానిక్ వచ్చి చూసేదాకా దాన్నీ, దాని ముందున్న గ్యాస్ ఫైర్‌నూ వెలిగించకండి. అత్తగారి మంచాన్ని ఈ రాత్రికే వెనుక గదిలోకి మార్చండి. ఒకటి రెండు రోజులు కరెంటు హీటరుతో గడపవలసి వస్తుంది. ఆ ఖర్చు పెట్టదగిందే.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో వివరిస్తాను. మన ఊళ్లలో పెరట్లో ఉండే రాగి బాయిలర్ మీకు గుర్తుండే ఉంటుంది. నడుమ గొట్టం, చుట్టూ నీళ్లు, గొట్టంలో బొగ్గులో కొబ్బరి చిప్పలో వేసి రాజేసేవారు. అడుగున చిన్న నోరు ఉండేది. ఆ నోటికి బూడిద అడ్డం పడితే నిప్పు మందగించి పొగ కమ్మేది. పెద్దవాళ్లు ఇనుప చువ్వతో కెలికి దారి చేసేవారు. మీ ముందు గదిలో ఉన్న బ్యాక్ బాయిలర్ కూడా అలాగే బతుకుతుంది. మండటానికి కావలసిన గాలిని అది ఆ గదిలోంచే పీల్చుకుంటుంది, పొగను పాత చిమ్నీలోని గొట్టం ద్వారా పైకి పంపుతుంది. గోడలోని జాలీ దాని ముక్కు. అది ఇల్లు కట్టినవాడు మరిచిపోయి వదిలేసిన సందు కాదు, ఇలాంటి బాయిలర్ కోసమే పెట్టే రంధ్రం. బ్రిటన్ ప్రమాణాల ప్రకారం బాయిలర్ శక్తిలో 7 కిలోవాట్లు దాటిన ప్రతి కిలోవాటుకు కనీసం 5 చదరపు సెంటీమీటర్ల చొప్పున, ఎప్పుడూ తెరిచి ఉండే రంధ్రం కావాలి. అది మూసుకుపోతే మంటకు గాలి చాలదు, పొగ పైకి పోకుండా గదిలోకి తిరగబడవచ్చు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు.

చలికాలంలో గదిలో కుంపటి పెట్టుకుని, తలుపులు బిగించుకుని పడుకున్నవాళ్లు తెల్లారి లేవలేదన్న వార్తలు మనం చదువుతూనే ఉంటాం. కుంపటిలోనైనా గోడలోని బాయిలర్‌లోనైనా చంపేది ఆ వాయువే. ఇటీవల ఇంట్లో ఎవరికైనా తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం వచ్చి, బయటికి వెళ్తే తగ్గుతున్నాయా? ఉంటే వెంటనే డాక్టరుకు చూపించండి, ఈ అనుమానం కూడా చెప్పండి. పెద్దవాళ్లు వీటిని చలికో వయసుకో ముడిపెట్టి చెప్పకుండా ఊరుకుంటారు. మీరే అడగాలి. మంట నీలంగా కాకుండా పసుపుగా, సోలిపోతూ కనిపించినా, ఫైర్ చుట్టూ మసి మరకలున్నా, బాయిలర్‌ను అంటించడానికి ఎప్పుడూ వెలుగుతుండే చిన్న పైలట్ మంట తరచుగా ఆరిపోతున్నా అవి కూడా హెచ్చరికలే. గ్యాస్ వాసన వచ్చినా, ఈ వాయువు ఉందని అనుమానం కలిగినా కిటికీలు తెరిచి, అందరూ బయటికి వచ్చి 0800 111 999కి ఫోన్ చేయండి. అది గ్యాస్ అత్యవసర నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి ఇవాళే కొనండి. పొగను పసిగట్టే అలారం వేరు, దీనికి అది పనికిరాదు. బాయిలర్ ఉన్న గదిలో, దాని నుంచి మీటరుకూ మూడు మీటర్లకూ మధ్య దూరంలో, పెట్టె మీద చెప్పిన ఎత్తులో పెట్టండి. మెకానిక్ వచ్చినప్పుడు గ్యాస్ సేఫ్ కార్డు చూపించమని అడగండి, అడగడంలో తప్పేమీ లేదు. ఆ కార్డు వెనుక అతడు ఏయే పనులు చేయడానికి అర్హుడో రాసి ఉంటుంది. పొగ సరిగా పైకి పోతోందా అన్న పరీక్షను వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ నడుస్తుండగా కూడా చేయమని మరీ మరీ చెప్పండి. మన వంటల్లో తాలింపు వేసినప్పుడల్లా ఫ్యాన్ జోరుగా తిప్పుతాం. తలుపులన్నీ మూసి ఉంటే ఆ ఫ్యాన్ ఇంట్లోని గాలిని లాగి, చిమ్నీలోంచి పోవలసిన పొగను వెనక్కి గుంజగలదు. అలాగే, ఆ గదిలో ఇన్నాళ్లూ ఒకరు పడుకుంటున్నారని కూడా అతనికి చెప్పండి. పడకగదిలో ఇలా గది గాలి పీల్చే బాయిలర్ ఉండటానికి బ్రిటన్‌లో కఠినమైన నిబంధనలున్నాయి. పడకగదిలో 14 కిలోవాట్లకు మించినదాన్ని అసలు బిగించనివ్వరు. అంతకన్నా చిన్నదానికైనా, ప్రమాదం రాకముందే తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు ఉండాలి. అందుకే అత్తగారి పడకను వెనుక గదికి శాశ్వతంగా మార్చేయమంటున్నాను.

బాయిలర్ సురక్షితమని మెకానిక్ తేల్చాడు, శుభ్రం చేసి సర్వీసు చేశాడు అనుకుందాం. ఇప్పుడు ఖర్చు గురించి మాట్లాడుకోవచ్చు. ఇంగ్లండులోనే వుల్వర్‌హాంప్టన్‌లో నేను కొన్న మొదటి ఇంట్లోనూ ఇలాంటి బాయిలరే ఉండేది, పదకొండేళ్లు దానితో కాపురం చేశాను. నాకు తెలిసి వచ్చింది ఒక్కటే. పాత బాయిలర్ ఉన్న ఇంట్లో డబ్బంతా మంట దగ్గరే పోదు. ఎవరికీ అవసరం లేని వేళల్లో అది వెలగడం వల్లా, కాగిన నీళ్లు ఊరికే చల్లారడం వల్లా ఎక్కువ పోతుంది.

అన్నిటికన్నా ముందు, మీకు కరెంటులో పెరిగిన 70 పౌండ్ల సంగతి చూడండి. మేడ మీద అల్మారా దగ్గర ఎర్ర దీపం ఉన్న స్విచ్ ఒకటి ఉంటుంది. అది వెలుగుతూ ఉండి ఉంటుందని నా అనుమానం. రాగి ట్యాంకులోకి దింపిన ఇమ్మర్షన్ హీటర్ స్విచ్ అది. సాధారణంగా అది 3 కిలోవాట్లది. రోజు మొత్తం మీద మూడు గంటలు పనిచేసినా 9 యూనిట్లు. మీ ధర ప్రకారం రోజుకు 2 పౌండ్ల 34 పెన్నీలు, నెలకు 70 దాటుతుంది. మీకు పెరిగింది సరిగ్గా అంతే. నీళ్లు త్వరగా చల్లారుతున్నాయని ఎవరో వేసి మరిచిపోయి ఉంటారు. మీ బిల్లులో ఒక యూనిట్ కరెంటు ధరకు నాలుగు యూనిట్ల గ్యాస్ వస్తుంది. పాత బాయిలర్ ఆ గ్యాస్‌లో మూడో వంతు పోగొట్టినా వేణ్ణీళ్లకు గ్యాసే చవక. బాయిలర్ చెడిపోయినప్పుడు తప్ప ఆ స్విచ్ జోలికి వెళ్లకండి. ఎవరూ పొరపాటున వేయకుండా దాని మీద ఒక కాగితం అంటించండి.

తర్వాత ఆ ట్యాంకు మీదే చెయ్యి వేసి చూడండి. చేతికి వెచ్చగా తగిలితే మీ డబ్బు అల్మారాను కాస్తోంది. రాగి ఒంటితో నిలబడి ఉన్నా, దాని మీద పలుచని పాత తొడుగు ఉన్నా, 80 మిల్లీమీటర్ల మందం ఉన్న తొడుగు కొని తాళ్లతో కట్టండి. ఒక మధ్యాహ్నం పని, ఖరీదు కూడా ఎక్కువేమీ కాదు. ట్యాంకు నుంచి బయలుదేరే వేడి గొట్టాలకు నురుగు గొట్టాలు తొడగండి. ఇమ్మర్షన్ హీటర్ తలను, థర్మోస్టాట్‌ను మాత్రం కప్పవద్దు. ఇంట్లో వేరే ఏ మార్పూ ఇంత తక్కువ ఖర్చుతో ఇంత త్వరగా తిరిగిరాదని నా గట్టి నమ్మకం.

ఇక లోపలి సంగతి. మీ ఇంట్లో ఉన్నటువంటి పాత అమరికల్లో చాలావాటిలో బాయిలర్ నుంచి ట్యాంకుకు నీళ్లు పంపు సాయం లేకుండా తమంతట తామే తిరుగుతాయి. వేడి నీళ్లు తేలికై లావు గొట్టంలో పైకి ఎక్కుతాయి, చల్లారినవి బరువెక్కి దిగుతాయి. పంపు ఉండేది రేడియేటర్ల కోసమే, అంటే లోపల వేడి నీళ్లు తిరుగుతూ గదులను వెచ్చబరిచే ఇనుప పలకల కోసం. ఇలాంటి చోట ట్యాంకుకు థర్మోస్టాట్ ఉండకపోతే, నీళ్లు కాగాయని బాయిలర్‌కు చెప్పేవాళ్లే ఉండరు. బాయిలర్ వేళలను నడిపే గడియారం వేణ్ణీళ్లు అని చూపుతున్నంతసేపూ అది వెలుగుతుంది, తన వేడి తనకు చాలనిపించి ఆగుతుంది, నాలుగు నిమిషాలకు చల్లారి మళ్లీ వెలుగుతుంది. ఇంట్లో ఎవరూ కుళాయి తిప్పకపోయినా ఇదే తంతు. మీరు వేణ్ణీళ్లను రోజంతా ఉంచేశారని నాకు అనిపిస్తోంది. ఒకసారి గ్యాస్ ఫైర్ ముందు అరగంట కూర్చుని చెవి ఒగ్గి వినండి. గుప్పున వెలగడం, ఆరడం మాటిమాటికీ వినిపిస్తే ఇదే కారణం.

దీనికి రెండు మందులున్నాయి. ఖర్చు లేనిది, గడియారంలో వేణ్ణీళ్లను పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంటకు కుదించడం. తొడుగు కట్టిన ట్యాంకులో ఆ వేడి మధ్యాహ్నం గిన్నెలు కడగడానికి కూడా నిలుస్తుంది. రెండోది, సర్వీసుకు వచ్చిన మెకానిక్ చేతనే ట్యాంకుకు థర్మోస్టాట్, దానితో కలిసి పనిచేసే మోటారు వాల్వు పెట్టించడం. అప్పుడు నీళ్లు కాగగానే వాల్వు మూసుకుంటుంది, రేడియేటర్లకు కూడా అవసరం లేకపోతే బాయిలర్ పూర్తిగా ఆగిపోతుంది. ఆ థర్మోస్టాట్‌ను 60 డిగ్రీలకు పెట్టండి, అంతకన్నా తగ్గించవద్దు. గోరువెచ్చని నీళ్లు నిలవ ఉన్న ట్యాంకులో లెజియొనెల్లా అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. అది తెచ్చే న్యుమోనియా పెద్దవయసు వారికి ప్రాణాంతకం కావచ్చు. 60 డిగ్రీల నీళ్లు నేరుగా ఒంటి మీద పడితే కాలుతాయి కూడా, పిల్లలకు కుళాయి తిప్పే పద్ధతి నేర్పండి.

స్నానాల విషయంలో మీ అత్తగారూ మామగారూ తెచ్చిన అలవాటును గౌరవించండి. ఇక్కడికి వచ్చాక బక్కెట్ స్నానాన్ని నామోషీగా చూసే ఇళ్లు నేను చాలా చూశాను. లెక్క చూడండి. 10 డిగ్రీల నీళ్లను 40కి కాచడానికి 20 లీటర్ల బక్కెట్‌కు 0.7 యూనిట్ల వేడి చాలు. మీ బాయిలర్ మూడింట రెండు వంతుల వేడినే నీళ్లకు ఇస్తుందనుకున్నా గ్యాస్ ఖర్చు ఏడు పెన్నీలు. నిమిషానికి 8 లీటర్లు పడే షవర్ కింద ఎనిమిది నిమిషాలు నిలబడితే 64 లీటర్లు, 22 పెన్నీలు. టబ్బులో వంద లీటర్లు నింపితే 34 పెన్నీలు. ఇంతమంది ఉన్న ఇంట్లో రోజూ ఇది ఎంత తేడా తెస్తుందో మీరే వేసుకోండి. పెరటి రాగి బాయిలర్ రోజుల్లో మనవాళ్లు పాటించిన ఇంకో పద్ధతి కూడా ఇక్కడ పనికివస్తుంది: ఒకసారి కాగిన నీళ్లతో వరసగా అందరూ స్నానాలు ముగించడం. ఒకరు ఏడింటికి, ఒకరు తొమ్మిదింటికి, మరొకరు పదకొండింటికి అంటే బాయిలర్ పొద్దంతా ఆ పనిలోనే ఉంటుంది.

ఇప్పుడు మీకు అందిన సలహాలు. బాయిలర్ వేడిని 50కి తగ్గించమన్నది చెడ్డ సలహా కాదు, కానీ అది మీ బాయిలర్ కోసం పుట్టింది కాదు. ఇంగ్లండు, వేల్స్‌లలో 2005 ఏప్రిల్ నుంచి కొత్తగా బిగించే గ్యాస్ బాయిలర్లు కండెన్సింగ్ రకానివే ఉండాలన్న నియమం వచ్చింది. ఆ రకంలో రేడియేటర్ల నుంచి తిరిగివచ్చే నీళ్లు దాదాపు 55 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే, పొగలోని ఆవిరి నీరుగా మారి, ఆ దాగిన వేడి కూడా ఇంటికి దక్కుతుంది. అందుకే వాటిలో వేడి తగ్గించిన కొద్దీ లాభం. మీ పాత బాయిలర్‌లో ఆ తడిని భరించే లోహం గానీ, బయటికి పంపే గొట్టం గానీ లేవు. వేడి మరీ తగ్గిస్తే పొగలోని ఆవిరి లోపలే చెమర్చి, పులుపెక్కిన ఆ నీరు ఇనుమును తినేస్తుంది. పైగా ట్యాంకులో నీళ్లు 60కి చేరవు. మీ బాయిలర్ చక్రాన్ని కనిష్ఠానికి తిప్పవద్దు. ఎక్కడ ఉంచాలో సర్వీసు రోజున చెప్పించుకోండి.

రోజంతా సన్నగా వెలిగిస్తే ఆదా అన్నది మాత్రం పొరపాటే. ఇంట్లోంచి వేడి ఎంత పోతుందన్నది లోపలికీ బయటికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. ఇల్లు వెచ్చగా ఉన్న ప్రతి గంటా వేడి కారుతూనే ఉంటుంది. అందరూ నిద్రపోయే రాత్రి, ఎవరూ లేని పగలు ఆపేస్తే ఆ కారడం తగ్గుతుంది, తిరిగి వెచ్చబరచడానికి పట్టేది దానికన్నా తక్కువే. అయితే మీ ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు పగలంతా ఉంటారు. కాబట్టి ఆపేయమని అనను. వాళ్లు కూర్చునే వెనుక గదిలో రేడియేటర్ పూర్తిగా తెరిచి, మేడ మీది పడకగదుల్లో రేడియేటర్ పక్కనున్న అంకెల వాల్వులను పగటిపూట రెండుకు దించండి. గోడ మీది థర్మోస్టాట్ ఉన్న చోట మాత్రం రేడియేటర్‌ను తగ్గించవద్దు. అక్కడ చల్లగా ఉంటే ఇల్లంతా చల్లగానే ఉందనుకుని అది బాయిలర్‌ను ఆపనివ్వదు.

థర్మోస్టాట్ 23 అన్నారు. బయట 5 డిగ్రీలుంటే తేడా 18. దాన్ని 20కి దించితే తేడా 15, అంటే ఆరో వంతు వేడి మిగులుతుంది. ఒకేసారి వద్దు, వారానికి ఒక డిగ్రీ చొప్పున దించండి. 30 డిగ్రీల తెనాలి నుంచి వచ్చిన మనిషికి 20 అంటే వణుకే. ఉన్ని మేజోళ్లు, లోపల వేసుకునే వెచ్చని బనీను, కాళ్ల మీద దుప్పటి ముందే సమకూర్చండి. పెద్దవాళ్లున్న గది 18 కన్నా తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇంగ్లండు ఆరోగ్య సేవల విభాగం రెండూ చెబుతున్నాయి. మీ ఇంట్లో నేను 20 దాటి కిందికి దించమని చెప్పను. కోడలికి ఖర్చు అవుతోందని తెలిసి చలికి ముడుచుకుని కూర్చునే అత్తగార్లు ఉంటారు. ఆవిడ ఎదుట బిల్లు గురించి పెద్దగా మాట్లాడకండి.

థర్మోస్టాట్‌ను 28కి తిప్పితే ఇల్లు త్వరగా వెచ్చబడుతుందనేది కూడా చాలామందికున్న భ్రమ. అది మంట పెంచే చక్రం కాదు, ఎక్కడ ఆపాలో చెప్పేది మాత్రమే.

రేడియేటర్లను ఒక్కొక్కటీ తడిమి చూడండి. పైభాగం చల్లగా, అడుగు వేడిగా ఉంటే లోపల గాలి చేరింది. బాయిలర్ ఆపి, చల్లారాక, చిన్న తాళంచెవితో పైమూలనున్న మరను కొద్దిగా వదులు చేస్తే బుస్సుమని గాలి పోయి నీటిచుక్క కనిపిస్తుంది, బిగించేయండి. అడుగు చల్లగా ఉంటే అది తుప్పుతో ఏర్పడిన నల్లని మడ్డి, మెకానిక్ పని. సోఫాను రేడియేటర్ ముందు నుంచి జరపండి. కిటికీ తెరలు దాని మీదికి వేలాడుతుంటే వేడి నేరుగా అద్దానికి వెళ్తుంది, తెర అంచు వెనక్కి దోపండి. చీరలు, పంచెలు రేడియేటర్ల మీద ఆరేయడం మన ఇళ్లన్నిటా ఉన్నదే. వేడి గదిలోకి రాదు, చెమ్మ మాత్రం వచ్చి గోడలకు బూజు పడుతుంది.

అటక మీదికి ఎవరైనా ఎక్కి, వేడి పైకి పోకుండా అక్కడ పరిచిన ఉన్ని పరుపు మందం కొలవండి. పాత ఇళ్లలో తరచుగా దూలాల ఎత్తు వరకే, అంటే 100 మిల్లీమీటర్ల లోపే కనిపిస్తుంది. ఇప్పుడు సిఫారసు చేసేది 270. పాతది 100 ఉంటే దాని మీద అడ్డంగా ఇంకో 170 మిల్లీమీటర్ల పొర పరిస్తే చాలు. చూరు అంచున గాలి ఆడే సందులను మూయవద్దు. చన్నీళ్ల తొట్టి చుట్టూ, పైనా కప్పండి, దాని అడుగున మాత్రం పరవకండి. కింది గది వెచ్చదనం తగిలితేనే అది గడ్డకట్టదు. తలుపుల అడుగున, ఉత్తరాలు వేసే రంధ్రం దగ్గర, కిటికీ చట్రాల్లో వచ్చే గాలిని నిక్షేపంగా ఆపుకోవచ్చు. అయితే ఆ పని ముగించాక బాయిలర్ పొగ పరీక్షను ఇంకోసారి చేయించండి. ఇన్నాళ్లూ ఆ సందుల గాలి మీద కూడా అది ఆధారపడి ఉండవచ్చు.

ఇల్లు పాతది కాబట్టి గ్యాస్ మీటర్‌ను కూడా చూసిరండి. కొన్ని పాత మీటర్లు ఘనపుటడుగుల్లో, కొత్తవి ఘనమీటర్లలో లెక్కిస్తాయి. ఒక ఘనమీటరు గ్యాస్ దాదాపు 11 యూనిట్లు. నూరు ఘనపుటడుగులైతే 31 పైమాటే. మీటర్ మీద ఉన్న కొలత, బిల్లులో రాసిన కొలత ఒకటేనా అని సరిపోల్చండి. ఒకదాన్ని ఇంకొకటిగా లెక్కిస్తే బిల్లు దాదాపు మూడు రెట్లు తప్పుతుంది. పనిలో పనిగా, ఒక రాత్రి అన్నీ ఆపేసి పడుకునే ముందు ఒకసారి, లేచాక ఒకసారి మీటర్ అంకెలు రాసుకోండి. తేడా ఉంటే పైలట్ మంట ఎంత తింటోందో తెలుస్తుంది.

చివరికి, కొత్త బాయిలర్. మీది సుమారు 65 శాతం సామర్థ్యంతో పనిచేస్తుంది, కొత్తవి 90కి దగ్గరగా ఉంటాయి. మీ ఇంట్లో ఏడాదికి 18,000 యూనిట్ల గ్యాస్ కాలుతోందనుకుంటే, కొత్తదానితో 13,000 సరిపోతాయి. ఏటా 325 పౌండ్లు మిగులుతాయి, 3,500 తిరిగిరావడానికి దాదాపు పదకొండేళ్లు. ట్యాంకు తొడుగు, గడియారం, అటక పని ముందే చేస్తే మిగులు ఇంకా తగ్గుతుంది, గడువు ఇంకా పెరుగుతుంది. కాబట్టి డబ్బు ఆదా కోసమే మార్చమంటే నేను తొందరపడమనను. కానీ పొగ పరీక్షలో అనుమానం వచ్చినా, విడిభాగం దొరకదని చెప్పినా ఒక్క రోజు కూడా లెక్కలు వేయకండి, మార్చేయండి.

మార్చే రోజు వచ్చినప్పుడు వేసవిలో చేయించండి, కనీసం ముగ్గురి దగ్గర ధర రాయించుకోండి. ఇంగ్లండు, వేల్స్‌లలో గ్యాస్ బాయిలర్ తీసేసి హీట్ పంప్ (బయటి వేడిని కరెంటుతో ఇంట్లోకి లాగే యంత్రం) పెట్టుకునేవారికి 2023 అక్టోబరు నుంచి ప్రభుత్వం 7,500 పౌండ్ల సాయం ఇస్తోంది, అది కూడా అడిగి చూడండి. వేణ్ణీళ్ల ట్యాంకుకు మీకు ఇప్పటికే అల్మారా ఉండటం దానికి అనుకూలమే. రేడియేటర్లు పెద్దవి కావలసి రావచ్చు, ఇంటిని గది గదికీ కొలవకుండా ధర చెప్పేవాళ్లను నమ్మకండి. గ్యాస్ బాయిలరే మేలనుకుంటే కండెన్సింగ్ రకం పెట్టించుకోండి. మిత్రులు చెప్పిన 50 డిగ్రీల సలహా అప్పుడు మీకు పనికివస్తుంది.

వెనుక గదికి మంచం మార్చేటప్పుడు తలవైపు బయటి గోడకు కాకుండా లోపలి గోడకు ఉండేలా వేయండి, మంచానికీ గోడకూ మధ్య బెత్తెడు సందు వదలండి. మెట్లకు రెండో వైపు కూడా పట్టుకునే కర్ర బిగిస్తే అత్తగారు మేడ మీది స్నానాలగదికి వెళ్లడం తేలికవుతుంది. బక్కెట్ పక్కన ఒక ఎత్తైన ప్లాస్టిక్ పీట వేయండి.